కుడివైపు పతకాలు

ఆ సినిమావాళ్ళను టామ్సిన్ ఇంటికి తీసుకెళ్ళింది నేనే. కాబట్టి ఇది విన్నాక ఎవరినైనా తిట్టాలనిపిస్తే ముందు నన్ను తిట్టి, ఆ తర్వాత మిగతావాళ్ళ దగ్గరికి వెళ్ళండి. నా పేరు గ్లెనిస్. పద్దెనిమిదేళ్ళు సైన్యంలో లారీలు నడిపాను, తూర్పు తిమోర్ బురదలో కూడా. అరవై దగ్గరపడ్డాయి. మోకాళ్ళు రెండూ పోయాయి, నోరు మాత్రం భేషుగ్గా ఉంది. టౌన్స్‌విల్‌లో ప్రతి గురువారం పొద్దున, సైన్యం నుంచి బయటపడ్డ ఆడవాళ్ళం పది పన్నెండుమందిమి ఒక చర్చి హాలు వెనక వరండాలో చేరతాం. టీ, బిస్కెట్లు, నాలుగు బూతులు. ఎలా ఉన్నావని ఎవరూ ఎవరినీ అడగరు. అడగరు కాబట్టే అందరూ వస్తారు.

టామ్సిన్ హారడ్ మాలో చేరి ఆరేళ్ళయింది. సైన్యంలో మెడిక్‌గా చేసింది. దెబ్బ తగిలినవాడి దగ్గరికి అందరికంటే ముందు పరిగెత్తే పని అది. 2011లో అఫ్గానిస్తాన్ వెళ్ళింది, రెండేళ్ళ కూతురిని మొగుడికి అప్పజెప్పి. వరండాలో ఎప్పుడూ గోడకు వీపు ఆనించి, గేటు కనిపించేలా కూర్చుంటుంది. గంటకొక మాట మాట్లాడుతుంది. ఆ ఒక్క మాటకే మాకు నవ్వాగదు.

మా దగ్గర ఒక పద్ధతి ఉంది. ఏప్రిల్ ఇరవై అయిదున, యుద్ధాలకు వెళ్ళినవాళ్ళను తలుచుకునే ఆంజాక్ డే కవాతుకు, అందరం పతకాలు పెట్టుకుంటాం. సొంతవైతే ఎడమవైపు, గుండె మీద. చనిపోయిన తండ్రివో తాతవో అయితే కుడివైపు. ఇది బడిపిల్లలకు కూడా తెలుసు. కానీ ఆడమనిషి ఎడమవైపు పెట్టుకుని కనబడిందా, ఎవరో ఒక పెద్దమనిషి పనిగట్టుకుని వచ్చి సరిచేస్తాడు. నాకు తొమ్మిదిసార్లు జరిగింది. "ఆ మెడల్స్ మీ ఆయనవా తల్లీ?" అని ఒకాయన అడిగితే, "మా ఆయన కప్ప కనబడితే కుర్చీ ఎక్కుతాడయ్యా" అన్నాను. అలా నోరు చేసుకుని బతికేసే రకాన్ని నేను.

టామ్సిన్ అలా కాదు. తనకు ఒక్కసారే జరిగింది. అప్పుడు కూతురు బ్రైడీకి నాలుగేళ్ళు. న్యూ గినీలో పోరాడి వచ్చిన ముత్తాత పతకాలు పిల్ల కుడివైపు పెట్టుకుంది, తల్లి తన నాలుగూ ఎడమవైపు పెట్టుకుంది. ఒక ముసలాయన నవ్వుతూ వచ్చి పిల్ల బుగ్గ నిమిరి, "పాప కరెక్టుగా పెట్టుకుంది చూడు. నువ్వే తప్పు వైపు పెట్టుకున్నావమ్మాయ్" అన్నాడు. టామ్సిన్ అక్కడే పతకాలు తీసి జేబులో వేసుకుని, పిల్లను ఎత్తుకుని ఇంటికి వెళ్ళిపోయింది. మళ్ళీ ఏ ఏడూ కవాతుకు రాలేదు.

నాలుగేళ్ళ కిందటి సంగతి కూడా చెప్పాలి. ఒక శనివారం తల్లీకూతుళ్ళు మేకులూ పెయింట్లూ అమ్మే పెద్ద గోదాములాంటి కొట్టుకు వెళ్ళారు. బ్రైడీకి అప్పుడు పదకొండు. గుమ్మం దగ్గర కొనిపించుకున్న సాసేజ్ రొట్టె ఇంకా చేతిలోనే ఉంది. ఎక్కడో దూరంగా పై అరలోంచి టైల్స్ పెట్టెలు దడాలున కిందపడ్డాయి. టామ్సిన్ పిల్లను నేలకేసి కొట్టి పైన బోర్లా పడుకుంది. పిల్ల మెడ కింది ఎముక విరిగింది. అది గుక్కపట్టి అరుస్తున్నా తల్లి లేవలేదు. ముగ్గురు మగవాళ్ళు పట్టి లాగితే గాని లేవలేదు.

ఆ తర్వాత బ్రైడీ తండ్రి దగ్గరికి, మకై వెళ్ళిపోయింది. కారులో నాలుగు గంటల దారి. కోర్టులేమీ చెప్పలేదు, పిల్లే చెప్పింది, "నాకు అమ్మంటే భయం" అని. తండ్రి రస్ చెడ్డవాడు కాదు గాని, నోటికి అదుపు లేదు. "మీ అమ్మ చేసిన యుద్ధమేంటి? శిబిరం కంచె లోపల గుడారంలో కూర్చుని తలనొప్పి మాత్రలు పంచింది" అనేవాడు. ఒకసారి సెలవులకొచ్చిన పిల్ల తల్లిని సూటిగా అడిగింది. "అమ్మా, నువ్వు ఎప్పుడైనా కంచె దాటి వెళ్ళావా?" వెళ్ళానంది టామ్సిన్. "అక్కడేమైంది?" టామ్సిన్ లేచి వెళ్ళి గిన్నెలు తోమడం మొదలుపెట్టింది. ఇది నాకు తనే చెప్పింది, చెప్పి తన నుదురు తనే కొట్టుకుంది.

అదిగో, అలాంటి సమయంలో మెల్‌బోర్న్ నుంచి ఒడెట్ అనే అమ్మాయి మా గురువారం గుంపుకు ఉత్తరం రాసింది. యుద్ధం నుంచి వచ్చి, అది వదలక బాధపడుతున్న ఆడవాళ్ళ మీద డాక్యుమెంటరీ తీస్తున్నానని, ఎవరైనా మాట్లాడతారా అని. నేను ఎగిరి గంతేశాను. టామ్సిన్ మాత్రం, "దేనికి? నేను మందులు మింగుతుంటే జనం చిప్స్ తింటూ చూడ్డానికా?" అంది. రెండు వారాల తర్వాత తనే మా ఇంటికొచ్చింది.

"నేను చెప్తే తలా తోకా ఉండదు గ్లెన్. మధ్యలో మొదలుపెడతా, చివరికి రాకముందే ఆగిపోతా. వాళ్ళయితే కోసి, అతికించి, వరసలో పెడతారు కదా?"

"అది వాళ్ళ పనే కదే."

"బ్రైడీ అది చూస్తే చాలు. నేనెందుకు మీద పడ్డానో దానికి తెలిస్తే చాలు. వస్తే వస్తుంది, రాకపోతే లేదు. కానీ ఒక్కసారే చెప్తాను. రెండోసారి చెప్పమంటే కెమెరా పగలగొడతా."

ఇంకో షరతు కూడా పెట్టింది. ఆ మాటలు చెప్పేటప్పుడు పతకాలు పెట్టుకుంటానంది. పదేళ్ళుగా సొరుగులో పడున్నవాటిని తీసి, పళ్ళు తోముకునే పేస్టుతో రుద్ది మెరుగుపెట్టింది.

తొమ్మిది రోజులు తీశారు. ఒడెట్ మంచి పిల్లే. గుమ్మం బయటే చెప్పులు విడిచేది, తన తిండి తనే తెచ్చుకునేది, ప్రతిదానికీ "నీకు ఇబ్బంది లేకపోతేనే" అనేది. కానీ వాళ్ళ పని చూస్తుంటే నాకు ఒళ్ళు మండేది. టామ్సిన్ బయటికి వెళ్ళేముందు తాళం మూడుసార్లు లాగి చూసుకుంటుంది. అది వాళ్ళ కంటబడింది. "టామ్సిన్, ఆ తాళం ఇంకోసారి చూస్తావా? వెలుగు సరిగా పడలేదు" అన్నారు. మళ్ళీ చూసింది. "ఇంకోసారి, చేతులు మాత్రమే." మళ్ళీ చూసింది. నాకు ఆగక, "రోగానికి కూడా రిహార్సల్ చేయిస్తారటమ్మా?" అని అరిచాను. టామ్సిన్ నవ్వింది. "ఊరుకో గ్లెన్, సైన్యంలో కూడా ఇంతేగా, సరిగ్గా వచ్చేదాకా చేయించేవాళ్ళు" అంది. ఆ సాయంత్రం వాళ్ళు వెళ్ళిపోయాక ఆ తాళం దగ్గరే నిలబడిపోయింది. ఏది వాళ్ళ కోసం చూసిందో, ఏది నిజంగా చూసిందో తనకే తెలియట్లేదంది. చెయ్యి పట్టుకుని నేనే లోపలికి తీసుకొచ్చాను.

అసలు మాట చెప్పిన రోజు నేను కెమెరా వెనక ఐసు పెట్టె మీద కూర్చున్నాను. టామ్సిన్ నీలం కోటు వేసుకుంది, ఎడమవైపు నాలుగు పతకాలు. ఇలా చెప్పింది. పెద్ద శిబిరం కంచెకు చాలా దూరంలో, ఒక చిన్న సైనిక చౌకీ. ఒక తండ్రి ఆరేళ్ళ కూతురిని ఇటుకలు మోసే ఒంటిచక్రం బండిలో వేసుకుని తోసుకుంటూ వచ్చాడు. రోడ్డు మీద పాతిన బాంబు. టామ్సిన్ నలభై నిమిషాలు ఆ పిల్లను బతికించాలని కుస్తీ పట్టింది. పిల్ల టామ్సిన్ జడ పట్టుకుని వదల్లేదు. అంతలో గేటు దగ్గర ఇంకోటి పేలింది. టామ్సిన్ పిల్ల మీద బోర్లా పడి కప్పేసింది. దుమ్ము తగ్గేదాకా అలాగే ఉంది. లేచి చూస్తే పిల్లకు ఊపిరి లేదు. ఎప్పుడు పోయిందో తెలియదు. తన బరువుకే పోయిందేమో కూడా తెలియదు.

"అందుకే లేవలేదు బ్రైడీ, ఆ కొట్లో. లేచి చూడాలంటే భయమేసింది" అంది, కెమెరా వైపు కాదు, కిటికీ వైపు చూస్తూ.

ఒడెట్ ముక్కు తుడుచుకుంది గాని, మళ్ళీ చెప్పమని అడగలేదు. ఆ సంగతి ఒప్పుకోవాలి. తర్వాత నన్ను కూడా కూర్చోబెట్టి, టామ్సిన్ గురించి నాలుగు ముక్కలు చెప్పించుకున్నారు.

ఆంజాక్ డేకి వారం ముందు, ఒక శనివారం మధ్యాహ్నం, మాజీ సైనికుల క్లబ్బు హాల్లో సినిమా వేశారు. టీవీలో రావడానికి ఇంకా నెల ఉంది. నూటయాభై మంది దాకా వచ్చారు, అందరూ సైన్యం కుటుంబాలే. తీసుకొస్తానని టామ్సిన్‌కిచ్చిన మాట నిలబెట్టుకుని రస్ బ్రైడీని కారులో తీసుకొచ్చాడు. పదిహేనేళ్ళకే తల్లికంటే పొడుగైంది. "హాయ్ అమ్మా" అని, తల్లికీ తనకూ మధ్య ఒక కుర్చీ వదిలి కూర్చుంది. టామ్సిన్ ఆ ఖాళీ కుర్చీ మీద తన సంచీ పెట్టింది, మళ్ళీ తీసి ఒళ్ళో పెట్టుకుంది.

సినిమా మొదలైంది. తాళం, తాళం, మళ్ళీ తాళం, వెనక వయొలిన్ ఏడుపు. మాత్రల డబ్బా. డార్విన్‌లో ఉండే ఇంకో ఆవిడ, వైమానిక దళంలో చేసినావిడ, ఆమె మాటలు కాసేపు. ఆ తర్వాత టామ్సిన్, నీలం కోటులో. ఏదో తేడాగా అనిపించింది నాకు. పాపిడి ఇటుండాల్సింది అటుంది. కోటు వైపు చూశాను. పతకాలు కుడివైపు ఉన్నాయి.

"అవి వాళ్ళ తాతవై ఉంటాయి" అని వెనక వరసలో ఎవరో గొణిగారు.

"మరి తనే వెళ్ళినట్టు చెప్తుందేంటి?"

"ఏముంది, ఈ మధ్య అందరికీ ఇదో ఫ్యాషన్."

నేను వెనక్కి తిరిగి, "నోర్ముయ్" అన్నాను. అది ఇంకో నాలుగు వరసలకు వినబడింది. అందరూ ఇప్పుడు ఆ కుడివైపే చూస్తున్నారు. తెర మీద టామ్సిన్ మాటల్లో ఒంటిచక్రం బండి గేటులోకి వస్తోంది, ఆ పిల్ల జడ పట్టుకుంటోంది, చచ్చిపోతోంది. హాల్లో ఒక్కరి చెవికీ అది ఎక్కట్లేదు. బ్రైడీ తెర వైపు చూసింది, తల్లి వైపు చూసింది, తర్వాత తండ్రి వైపు చూసింది. రస్ తల దించుకున్నాడు. టామ్సిన్ చెయ్యి దానంతటదే వెళ్ళి తన ఎడమ రొమ్ము మీద, ఏమీ లేనిచోట, తడుముకుంటోంది.

కార్లు పెట్టేచోట బ్రైడీ ఆగింది. "అవి ముత్తాతవి కదమ్మా? చిన్నప్పుడు నేను పెట్టుకున్నవి."

"కాదు. నావే."

"మరి కుడివైపు ఎందుకున్నాయి?"

టామ్సిన్‌కు తెలిస్తే కదా చెప్పడానికి. నేను కుంటుకుంటూ లోపలికెళ్ళి ఒడెట్‌ను రెక్క పట్టుకుని ఈడ్చుకొచ్చాను. పాపం, పిల్లదాని మొహంలో నెత్తుటి చుక్క లేదు.

"అది... బొమ్మ తిప్పామంతే. అద్దంలో చూసినట్టు. టామ్సిన్, డార్విన్ ఆవిడ, ఇద్దరూ ఒకే వైపు చూస్తూ మాట్లాడారు. ఒకరికొకరు ఎదురుగా ఉన్నట్టు కనబడాలని ఒకర్ని తిప్పాం. మెడల్స్‌కి అలా ఒక పద్ధతి ఉంటుందని ఎడిటర్‌కి తెలీదు, నాకూ తెలీదు. చిన్న విషయమే, టీవీలో వచ్చేలోపు సరిచేస్తాం."

"చిన్న విషయమా!" అన్నాను. ఇంకా చాలా అన్నాను, అవి ఇక్కడ చెప్పను.

బ్రైడీ నన్ను పట్టించుకోలేదు. ఒడెట్‌నే చూస్తూ అడిగింది. "ఇంకా ఏమేం తిప్పారు?"

"ఇంకేం లేదు."

"ఆ తాళం?"

ఒడెట్‌కు అబద్ధం చెప్పడం రాదు. ఆ క్షణాన వచ్చుంటే బాగుండేది. "అది మూడు నాలుగుసార్లు చేయించాం. కానీ తను రోజూ చేసేదే" అంది.

"సినిమాలో బండి గురించి చెప్పాక అమ్మ ఏడ్చింది కదా. అది?"

"ఆ ఏడుపు వేరే రోజుది. తన కుక్కకు ఒంట్లో బాగోలేదని చెప్పినప్పటిది. కానీ నిజం ఏడుపే. నిజంగా ఏడ్చింది తను."

బ్రైడీ తలాడించింది. కోపంగా కాదు, లెక్క సరిపోయినట్టు. తల్లి వైపు తిరిగింది. "సరే అమ్మా. వీళ్ళెవరూ లేకుండా నువ్వు చెప్పు. ఇప్పుడే."

టామ్సిన్ నోరు తెరిచింది. "ఆ బండికి... ఒకటే చక్రం" అంది. అక్కడితో ఆగిపోయింది. ఒక్కసారే చెప్తానంది, ఆ ఒక్కసారీ కెమెరాకు చెప్పేసింది. పిల్ల చాలాసేపే ఆగింది, దాన్ని తప్పుపట్టను. రస్ తాళాలు చేతిలో తిప్పుకుంటూ, "దారి దూరం, బ్రైడీ" అన్నాడు మెల్లగా. వెళ్ళిపోయారు.

బొమ్మ సరిచేశారు. నెల తర్వాత టీవీలో వచ్చింది. పతకాలు ఎడమవైపే ఉన్నాయి. పెర్త్ నుంచి, హోబార్ట్ నుంచి, ఎక్కడెక్కడి నుంచో ఆడవాళ్ళు ఉత్తరాలు రాశారు, నా కథే చెప్పావు తల్లీ అని. నేను చదివి వినిపిస్తే టామ్సిన్ కుక్క చెవులు గోకుతూ కూర్చునేది. బ్రైడీని మళ్ళీ చూడమని రస్ చెప్పాడట. "చూశాను కదా" అందట.

ఇక ఇక్కడ మళ్ళీ నా నోటి దురద. "నాకు చెప్పి అలవాటు చేసుకోవే, తర్వాత దానికి ఫోన్లో చెప్దువుగాని" అన్నాను. వారానికి రెండు రోజులు వాళ్ళ వంటింటి బల్ల దగ్గర కూర్చున్నాం. మొదటి వారం బండి దగ్గరే ఆగింది. రెండో వారం గేటు దాకా వచ్చింది. ఒకరోజు వాంతి చేసుకుంది. ఒకరోజు నన్ను బయటికి పొమ్మంది, మళ్ళీ తనే పిలిచింది. జూన్‌లో ఒక ఆదివారం మధ్యాహ్నం, "ఈరోజు చేస్తాను. నువ్వు కదలకుండా పక్కనే ఉండు గ్లెన్, నువ్వు లేకపోతే నావల్ల కాదు" అంది.

ఫోన్ స్పీకరులో పెట్టి బల్ల మీద ఉంచింది. బ్రైడీ ఎత్తింది. టామ్సిన్ చెప్పింది. వరసా పాడూ ఏమీ లేదు. దుమ్ముతో మొదలుపెట్టింది, జడ దగ్గరికొచ్చింది, మళ్ళీ వెనక్కి వెళ్ళి ఆ తండ్రి చెప్పుల గురించి చెప్పింది, అది సినిమాలో కూడా చెప్పలేదు. మధ్యలో ఆగితే పిల్ల, "ఊఁ" అనేది, అంతే. చివరికి ఆ పిల్ల ఊపిరి గురించి కూడా చెప్పేసింది. నేను నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఏడుస్తున్నాను.

"అంటే ఆ రోజు కొట్లో..." అంది బ్రైడీ. "నన్ను కప్పావా?"

"అవునమ్మా."

"నువ్వు కొడుతున్నావనుకున్నా."

"తెలుసమ్మా."

ఫోన్లో ముక్కు ఎగబీల్చిన చప్పుడు వినబడింది. నా ప్రాణం లేచొచ్చింది. అయిపోయింది, గట్టెక్కేశాం అనుకున్నాను. అంతలో బ్రైడీ అడిగింది. "అమ్మా, అక్కడ ఇంకెవరైనా ఉన్నారా? ఎవరైనా రికార్డు చేస్తున్నారా?"

"లేదమ్మా. ఎవరూ లేరు. నేనొక్కదాన్నే."

ఆ మాట అంటూ టామ్సిన్ నా వైపు చూసింది. భయపడిపోయిన చూపు. ఉన్నానని చెప్పినా సరిపోయేది. ఫోన్ దగ్గరికి వంగి, నేనమ్మా, గ్లెనిస్‌ని, టీ తాగుతున్నా అన్నా సరిపోయేది. నా బుద్ధి గడ్డి తిని, ఆ అబద్ధాన్ని నిజం చేసేద్దామనుకున్నాను. మెల్లగా లేచి, ఈ పాడు మోకాళ్ళతో పిల్లిలా అడుగులేసుకుంటూ వెనక జాలీ తలుపు తీసుకుని వరండాలోకి వెళ్ళాను. తలుపును వదిలేశాను. స్ప్రింగు దాన్ని లాగి ధడేల్మని కొట్టింది.

జాలీలోంచి చూస్తే టామ్సిన్ బల్ల కింద ఉంది. ఫోన్ బల్ల మీదే ఉంది.

"ఏంటది? అమ్మా, ఎవరది?"

"గాలికి" అంది టామ్సిన్ కిందనుంచి.

"అమ్మా. ఎవరు?"

అప్పుడు చెప్పింది. "గ్లెనిస్."

బ్రైడీ ఫోన్ పెట్టేసింది. మళ్ళీ చేస్తే ఎత్తలేదు. నేను చేద్దామనుకున్నాను, టామ్సిన్ వద్దంది. "నువ్వూ ఆ సినిమాలో ఉన్నావు కదా" అంది.

నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది. మర్నాడు స్క్రూడ్రైవర్ పట్టుకెళ్ళి ఆ తలుపు స్ప్రింగు ఊడదీయడం మొదలుపెట్టాను. తుప్పుపట్టిన స్క్రూ ఒక పట్టాన రాలేదు. టామ్సిన్ లోపల బల్ల దగ్గర కూర్చుని చూస్తోంది.

"ఇప్పుడెందుకే?" అంది.

నేను స్క్రూ తిప్పుతూనే ఉన్నాను.